తల్లి ఒక్కదానిదే కాదు

పలమనేరు చుట్టుపక్కల పల్లెల్లో డాక్టర్ మోహన పుట్టిల్లెక్కడని అడిగితే చాలామంది తెలియదంటారు. సూదుల మునెయ్య కూతురంటే మాత్రం వెంట వచ్చి మరీ చూపిస్తారు. మునెయ్య పశువుల ఆసుపత్రిలో అటెండరుగా చేరి, ఎదకొచ్చిన ఆవులకు సూది వేసే పని నేర్చుకున్నాడు. సీమ ఎద్దుల వీర్యం గడ్డకట్టించి పెట్టిన చల్లటి డబ్బాను సైకిలు వెనక కట్టుకొని ముప్పై ఏళ్లు ఊరూరూ తిరిగాడు. మూత తీస్తే డబ్బాలోంచి తెల్లటి పొగ పొంగేది. ఏ ఆవుకు ఏ నంబరు ఎద్దుది వేశాడో ఒక లావుపాటి నోటుపుస్తకంలో రాసుకునేవాడు.

అలా ఎందుకు రాస్తావని ఆరేళ్ల మోహన ఒకరోజు అడిగింది.

"ఒక ఎద్దుకు పుట్టిన పెయ్యకు మల్లా ఆ ఎద్దుదే వేయకూడదు మ్మే. దూడ నీరసంగా పుడ్తాది. ఒక్కోసారి గుడ్డిది పుడ్తాది. మరిసిపోతానని రాసుకుంటా ఉండా" అన్నాడు మునెయ్య.

ఆ మునెయ్య పెళ్లి చేసుకున్నది సొంత అక్క కూతురు వసంతమ్మను. పెళ్లికి ముందూ ఆమె అతన్ని 'మామా' అనే పిలిచేది, తర్వాతా అదే పిలుపు. ఆ ప్రాంతంలో అది వింతేమీ కాదు. అక్కకు ఆడపిల్ల పుడితే తమ్ముడికి పెళ్లాం పుట్టిందని నవ్వుతూ అనేవాళ్లు, ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ మాట నిజమయ్యేది.

వాళ్ల మొదటి బిడ్డ ధనశేఖర్. మోహనకు రెండేళ్లు పెద్ద. ఏడేళ్లు వచ్చేదాకా వీధిలో అందరికంటే ముందు పరిగెత్తేవాడు. ఆ తర్వాత మునివేళ్ల మీద నడవడం మొదలుపెట్టాడు, ఉత్తి పుణ్యానికి పడిపోయేవాడు. నేల మీంచి లేవాలంటే ముందు చేతులు నేలకు ఆనించి, తర్వాత మోకాళ్ల మీద, ఆ పైన తొడల మీద పెట్టుకుంటూ, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టు లేచేవాడు. పదకొండో ఏట అది కూడా ఆగిపోయింది.

దూరంగా ఉన్న ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు కాళ్లూ పిక్కలూ నొక్కి చూసి, కండరాలు కరిగిపోయే జబ్బని ఒక చీటీ మీద రాశాడు. మందు లేదన్నాడు. వాళ్లు కదలకుండా నిలబడి ఉంటే, "ఇది తల్లి నుంచి మగబిడ్డలకు వచ్చే జబ్బు" అని కూడా చెప్పాడు. రక్తపరీక్ష ఏదీ చేయలేదు.

ఆ మాట ఇంటికి వచ్చాక వసంతమ్మ బతుకు మారిపోయింది. మునెయ్య తల్లి, మోహన వాళ్ల అవ్వ, పొద్దున్నే ముఖం కడుక్కుంటూ మొదలుపెట్టేది. "నా కొడుకు వంశంలో ఇట్లాంటిది యాడా లేదు. నీ కడుపులోనే ఉండాది, డాక్టరే రాసిచ్చినాడు." వసంతమ్మ ఆమెకు పరాయిది కాదు, సొంత కూతురి కూతురు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుకు రాలేదు. వసంతమ్మ ఎదురు మాట్లాడలేదు. శుభకార్యాలకు పోవడం మానేసింది. పేరంటానికి పిలిచినా గడప అవతలే నిలబడేది. కొడుకును ఎత్తి స్నానం చేయించడం, రాత్రిళ్లు గంటకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఇవి తనకు పడిన శిక్ష అన్నట్టు చేసుకుపోయింది. మునెయ్య అన్నీ వింటూ సైకిలు తుడుచుకునేవాడు.

ధనశేఖర్ తెలివైనవాడు. బడికి పోలేకపోయినా చెల్లెలి పుస్తకాలన్నీ చదివేవాడు. మోహన డిగ్రీలో చేరి జన్యుశాస్త్రం పాఠాలు తెచ్చినప్పుడు, బఠాణీ మొక్కల లెక్కలు ఆమెకంటే ముందు వేసి చూపించాడు. ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు.

"మగపిల్లోల్లకే వస్తాదని ఆ డాక్టరు ఎట్ల సెప్పినాడు మోహనా?"

"నాకు రాలేదు గదన్నా."

"నువ్వొక్కదానివే గదా ఆడపిల్లవి. ఒకర్ని సూసి సెప్తే అది లెక్క ఎట్లయితాది?"

పరీక్షలు దగ్గరపడ్డాయి, ఆ మాట వెనకబడిపోయింది. ఆమె డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ధనశేఖర్‌కు జలుబు చేసి ఛాతీ పట్టేసింది. దగ్గడానికి కూడా బలం లేక నాలుగో రోజు పోయాడు. ఇరవై ఏళ్లు.

అన్న కోసమే చదివానని మోహన ఎప్పుడూ చెప్పుకోలేదు. అడిగినవాళ్లకు, తిరుపతిలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది కాబట్టి చదివానని చెబుతుంది. అక్కడినుంచి హైదరాబాదులో ఆరేళ్ల పరిశోధన. రక్తంలోంచి డీఎన్‌ఏ తీయడం, అందులో కావలసిన ముక్కను కోట్ల రెట్లు పెంచడం, అక్షరం అక్షరంగా చదవడం నేర్చుకుంది. మొదటిసారి గాజుగొట్టంలో డీఎన్‌ఏ తెల్లటి దారపు పోగులా తేలినప్పుడు, ఇంత మామూలుగా ఉంటుందా అనుకుందట. ఆ ఏళ్లలోనే చుట్టరికం లేని ఒకతన్ని పెళ్లి చేసుకుంది, ఒక పాప పుట్టింది.

రెండువేల పన్నెండులో తిరుపతికి వచ్చి విశ్వవిద్యాలయంలో ఉద్యోగంలో చేరింది. ఆమెకు ఇచ్చిన ల్యాబు మేడమీద ఒక గది. కరెంటు పోతే ఫ్రీజరులో నమూనాలు పాడవుతాయని ఎండాకాలం సెలవుల్లో కూడా ఊరు వదిలేది కాదు. ఆదివారం మాత్రం మంచుగడ్డలు నింపిన థర్మోకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకొని పలమనేరు బస్సెక్కేది. ఊళ్లలో ఆశా కార్యకర్తలను కలిసి, "ఏడెనిమిదేళ్లు వచ్చినాక నడక పోయిన మగపిల్లలు ఎవరైనా ఉన్నారా?" అని అడిగేది. అలా పదకొండు ఇళ్లు దొరికాయి. ప్రతి ఇంట్లోనూ అరుగు మీద కూర్చొని తాతముత్తాతల నుంచి వంశవృక్షం గీసుకుంది. పిల్లల చేతుల్లోంచి రక్తం తీసుకుంది.

చీటీ మీద రాసిన జబ్బు మగపిల్లలకు తల్లి నుంచి వచ్చేదే. దానికి కారణమైన జన్యువేదో శాస్త్రానికి అప్పటికే తెలుసు. మోహన దాన్నే పట్టుకొని ముక్కలు ముక్కలుగా చదివింది. అది మనిషికున్న జన్యువుల్లోకెల్లా పెద్దది. మూడేళ్లు పట్టింది. పదకొండు మందిలో ఒక్కరిలోనూ తప్పు కనబడలేదు. నివేదిక చూసిన, పరిశోధనకు డబ్బిచ్చే కమిటీ వాళ్లు, పరీక్షలు సరిగా చేస్తున్నారా అని అడిగారు. ఆమెకూ అదే అనుమానం వచ్చి అన్నీ మొదటినుంచి చేసింది. మళ్లీ ఏమీ లేదు.

ఆ నిరాశలో ఉండగా ఒక ఆదివారం, బెంగళూరు రోడ్డు పక్కనున్న ఒక పల్లెలో ఒక ఆడమనిషి ఆమె దారికి అడ్డంగా నిలబడింది. పేరు కుప్పమ్మ. టమోటా తోటల్లో కూలికి పోతుంది. మొగుడు చనిపోయాడు. చంకలో తొమ్మిదేళ్ల పిల్ల.

"మేడం, మీరు మగపిల్లోల్లనే సూస్తారంట. నాది ఆడబిడ్డ. సూడరా?"

కుప్పమ్మ పిల్లను కింద కూర్చోబెట్టింది. ఆ పిల్ల, మునిలక్ష్మి, లేవమంటే ముందు చేతులు నేలకు ఆనించింది. తర్వాత మోకాళ్ల మీద పెట్టుకుంది. తర్వాత తొడల మీద.

మోహన థర్మోకోల్ పెట్టె కింద దించి పక్కనున్న మెట్టు మీద కూర్చుంది. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ తనకు కోపం, సిగ్గు, ఊరట మూడూ ఒకేసారి కలిగాయని ఆమె చెబుతుంది. మగపిల్లలు ఉన్నారా అని అడిగితే మగపిల్లలనే చూపించారు. ఆడపిల్లలు ఉన్నారా అని తాను ఎక్కడా అడగనే లేదు. పదిహేనేళ్ల కిందట మంచం మీద పడుకొని ఒకడు అడిగిన ప్రశ్న, పరికరాలన్నీ చేతిలో ఉండి కూడా తనకు తట్టలేదు.

మళ్లీ ఆ పల్లెలన్నీ తిరిగింది. ఈసారి ఆడపిల్లలనూ అడిగితే నలుగురు కనబడ్డారు. వాళ్లను ఇళ్లలో లోపలి గదుల్లో ఉంచారు, ఎవరికీ చూపించలేదు. ఆడపిల్లలకూ వస్తోందంటే ఇది వేరే జబ్బు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఒకే జన్యువువి రెండు తప్పు ప్రతులు కలిస్తేనే వచ్చేది. బెంగళూరులో ఒక పెద్ద ల్యాబు సాయంతో కొందరు పిల్లల జన్యువులన్నీ ఒకేసారి చదివించింది. రెండేళ్ల తర్వాత అది దొరికింది. కండరాల కణాల పొరను చిరిగిపోకుండా పట్టి ఉంచే ఒక ప్రొటీన్ ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారింది. అన్ని ఇళ్లలోనూ అదే జన్యువు, అదే అక్షరం. ఎప్పుడో ఏ కాలంలోనో ఆ ఇళ్లన్నింటికీ మూలమైన ఒక మనిషిలో వచ్చిన మార్పు, మేనరికాల వెంట నడిచి వచ్చి పిల్లల్లో జంటగా కలుస్తోంది.

మోహన తన అమ్మానాన్నల రక్తం పరీక్షించింది. ఇద్దరిలోనూ ఒక్కో తప్పు ప్రతి ఉంది. వసంతమ్మ తల్లిలోనూ ఉంది. అంటే అవ్వ నుంచో తాత నుంచో కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ వచ్చింది. మోహనలో కూడా ఒకటి ఉంది. ఒకటే ఉంది కాబట్టి ఆమెకు జబ్బు లేదు.

ఆ మాట చెప్పడానికి ఇంటికి పోయినప్పుడు అనపచిక్కుళ్ల కాలం. వసంతమ్మ వాకిట్లో కూర్చొని నానబెట్టిన గింజలు పితుకుతోంది. తొక్క ఒక పక్కకు, పప్పు ఒక పక్కకు పడుతున్నాయి. మునెయ్య గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అవ్వ పోయి అప్పటికి పదేళ్లు.

"అమ్మా, అన్న జబ్బు నీ ఒక్కదాని నుంచి రాలేదు. నీ నుంచి సగం, నాయన నుంచి సగం. మీ ఇద్దరికీ అవ్వాతాతల నుంచే వచ్చింది."

వసంతమ్మ చేతులు ఆగాయి. "డాక్టరు రాసిచ్చినాడు గదా."

"ఆ డాక్టరు తప్పు రాసినాడమ్మా. నేను కూడా మూడేండ్లు ఆ తప్పునే నమ్మినాను."

మునెయ్య గోడ దగ్గర్నుంచి ముందుకు జరిగాడు.

"నాకు అనుమానం ఉండేది మోహనా. ఆవులకంతా రాసి పెట్టినోన్ని, నాకు తెలీదంటే ఎవురు నమ్ముతారు? మా అమ్మ నీ తల్లిని అంటా ఉంటే నోరు తెరవలేదు. తెరిస్తే నా మీదికి వస్తాదని."

వసంతమ్మ అతని వైపు చూసింది. "ఒక్క మాట అనుండొచ్చు గదా మామా. ఒక్క తూరి."

మునెయ్య తల వంచుకున్నాడు. ఆమె మళ్లీ గింజలు పితకడం మొదలుపెట్టింది. కాసేపటికి ఏడ్చింది. ఆ రాత్రి అన్నంలోకి ఆ పప్పే పులుసు పెట్టింది. ముగ్గురూ కలిసి కూర్చొని తిన్నారు. మరుసటి నెలలో ఎవరిదో సీమంతానికి పిలుపు వస్తే వసంతమ్మ పట్టుచీర కట్టుకొని పోయి గడప లోపల కూర్చుంది.

జన్యువు దొరికిన సంగతి ఒక పత్రికలో వ్యాసంగా అచ్చయింది. మోహన ఆ కాగితం పట్టుకొని కుప్పమ్మ ఇంటికి కూడా పోయింది.

"అయితే మందు దొరికినట్టేనా?" అంది కుప్పమ్మ.

"లేదు కుప్పమ్మా. ఎందుకు వస్తాదో దొరికింది. ఇంగ పుట్టబోయేవాల్లకు రాకుండా సూసుకోవచ్చు."

"పుట్టినోల్లకు?"

మోహన కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

కుప్పమ్మ పెద్దకూతురు రెడ్డిరాణికి అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఆమెను కుప్పమ్మ తమ్ముడు చిన్నబ్బకు ఇవ్వాలని ఎప్పుడో అనుకున్నారు. బావ పోయినప్పటినుంచి ఆ ఇంటిని నిలబెట్టింది చిన్నబ్బే. మునిలక్ష్మిని బడికి మోసుకుపోయేదీ అతనే. ఇద్దరికీ ఇష్టమే. పరీక్ష చేయించుకుంటారా అని మోహన అడిగితే ఒప్పుకున్నారు. ఇద్దరిలోనూ ఆ అక్షరం ఉంది.

ఇక్కడ మోహన ఒక తప్పు చేసింది. ఆ ఫలితాన్ని కుప్పమ్మ ఇంటి అరుగు మీద కూర్చొని చెప్పింది. అలవాటైన ఇల్లు, అలవాటైన అరుగు. ఇరుగుపొరుగు వాళ్లు నలుగురు అక్కడే ఉన్నారని చూసింది కానీ ఆలోచించలేదు. నాలుగు కాన్పుల్లో ఒకదానికి ఈ జబ్బు రావొచ్చని, ప్రతి కాన్పుకూ అదే లెక్కని చెప్పింది.

"మూడు బాగుంటాయి గదా మేడం?" అంది కుప్పమ్మ ఆశగా.

చిన్నబ్బ అక్క వైపు చూశాడు. "నాలుగింట ఒకటంటే నా సేతుల్లో ఇంకొకటి అక్కా. ఇంకో బిడ్డ ఇట్ల అయిపోతా ఉంటే సూడలేను." మునిలక్ష్మిని ఎత్తుకొని లోపలికి తీసుకుపోయాడు. ఆ సంబంధం అక్కడితో ఆగింది. రెడ్డిరాణి ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు.

ఆర్నెల్లకు వేరే సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. మొదటివాళ్లు వచ్చి చూసి, నచ్చిందని చెప్పి, ఊళ్లో ఎవరినో కలిసి వెనక్కి తగ్గారు. రెండోవాళ్లు అసలు రానే లేదు. ఆ పిల్ల రక్తంలో జబ్బుందట అని ఊరంతా పాకిపోయింది. మోహన మళ్లీ పోయినప్పుడు కుప్పమ్మ తలుపు సగమే తెరిచింది.

"రగతం అడిగితే ఇచ్చినాము. సేసినావు గదమ్మా మేలు. నా బిడ్డను నలుగురిలో పెట్టినావు. ఇంగ రావద్దు."

మోహన తిరుపతికి వచ్చి రెండు వారాలు ల్యాబులో ఏ పనీ ముట్టుకోలేదు. తన ఇంట్లో ఒక తప్పు చీటీ ఏం చేసిందో చూసిన మనిషి, ఒక ఒప్పు మాటను తప్పు చోట చెప్పి అంతే చేసింది. ఈ సంగతి ఆమె ఇప్పుడు తన విద్యార్థులకు దాచకుండా చెబుతుంది. అప్పటినుంచి ఆమె ల్యాబులో పద్ధతి మార్చింది. ఎవరి ఫలితం వాళ్లకే, మూసిన గదిలో. ఇంకెవరికి చెప్పాలో వాళ్లే చెప్పాలి.

జరిగింది విన్న వసంతమ్మ, "నన్ను తీసుకుపో ఆ ఇంటికి" అంది. కుప్పమ్మ ఆమెకు తలుపు పూర్తిగా తెరిచింది. ఇద్దరు తల్లులూ లోపల కూర్చొని మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో మోహనకు చెప్పలేదు. సాయంత్రం రెడ్డిరాణి బయటికి వచ్చింది.

"మేడం, కార్వేటినగరం నుంచి ఒక సంబంధం వస్తా ఉండాది. వాల్లకు మీరే సెప్పండి. కానీ నేను లేకుండా సెప్పొద్దు. నా సంగతి నా ఎదురుగానే సెప్పండి."

పెళ్లిచూపులు తిరుచానూరులో పెట్టుకున్నారు. అమ్మవారి దర్శనం చేసుకొని, దగ్గర్లోని ఒక లాడ్జి హాల్లో రెండు కుటుంబాలూ కూర్చున్నాయి. పెళ్లికొడుకు మునిచంద్ర బస్సు డిపోలో మెకానిక్. అతని తండ్రి ఆదిమూలం మామిడి అంట్లు కట్టి అమ్ముతాడు. ఒక్క ప్రతి ఉన్నవాళ్లకు జబ్బు రాదని, ఎదుటివాళ్లలో కూడా అదే ఉంటేనే పిల్లలకు ప్రమాదమని మోహన కాగితం మీద గీసి చూపించింది. ఆదిమూలం అంతా విన్నాడు.

"మీరు సదువుకున్నోల్లు, కాదనను. అయినా రగతంలో ఉండేది పోదు గదమ్మా?"

"పోదప్పా" అంది మూలన కూర్చున్న వసంతమ్మ. అందరూ అటు తిరిగారు. "నా రగతంలోనూ ఉండాది. ఇదో, ఈ నా కూతురి రగతంలోనూ ఉండాది. ఈమె బయటోన్ని పెండ్లి సేసుకునింది. ఆయప్పకు లేదు. వీల్ల పాప ఎనిమిదో తరగతి, బడిలో కబడ్డీ ఆడతాది. నేను మా మామను సేసుకున్నా, నా కొడుకును మట్టిలో పెట్టినా. ఈ పిల్లకు ఏముండాదో సూసి తెలుసుకున్నారు, మీకు సెప్తా ఉండారు. మీ ఇంట్లో ఏముండాదో మీకు తెలుసునా?"

ఆదిమూలం నొచ్చుకున్నాడేమోనని కుప్పమ్మ భయపడింది. మునిచంద్ర తండ్రి వైపు తిరిగి, "నాకు కూడా సూడమను నాయనా" అన్నాడు.

అతనిలో ఆ అక్షరం లేదు. ఆ ఫలితం అతనికి మూసిన గదిలో చెబితే, తానే ఫోన్ చేసి రెడ్డిరాణికి చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది పెళ్లయింది. పెళ్లిలో వడ్డన అంతా చిన్నబ్బ చూసుకున్నాడు. అతనికి తర్వాత రెండేళ్లకు కుప్పం దగ్గరి అమ్మాయితో పెళ్లయింది. చేసుకునే ముందు ఆ అమ్మాయిని తానే తిరుపతికి పరీక్షకు తీసుకువచ్చాడు. రెడ్డిరాణి కొడుకుకు ఇప్పుడు నాలుగేళ్లు.

మునెయ్య రెండేళ్ల కిందట పోయాడు. వసంతమ్మ కూతురి దగ్గర తిరుపతిలో ఉంటోంది. నెలకో శనివారం మోహన పలమనేరులో ఒక గది తీసుకొని కుటుంబాలను కలుస్తుంది. వసంతమ్మ కూడా వస్తుంది. కొందరు తల్లులు మోహనతో మాట్లాడేముందు ఆమె పక్కన కూర్చుంటారు. ఆ జన్యువు గురించి రెండో వ్యాసం అచ్చయినప్పుడు, సాయం చేసినవారి జాబితాలో మోహన అమ్మ పేరు కూడా వేయించింది.

మునిలక్ష్మికి ఇప్పుడు ఇరవై ఏళ్లు. చేతులు కూడా పైకి లేవవు. రాత్రిపూట ముక్కుకు శ్వాస యంత్రం పెట్టుకొని పడుకుంటుంది. రెండు వేళ్లు బాగా ఆడతాయి, వాటితో ఫోన్‌లో అన్నీ చదువుతుంది. విదేశాల్లో ఇలాంటి జబ్బులకు మంచి జన్యువును కండరాల్లోకి పంపించే ప్రయోగాలు జరుగుతున్నాయని ఎక్కడో చదివి, ఈమధ్య మోహన వచ్చినప్పుడు అడిగింది.

"అది నా కాలానికి వస్తాదా అక్కా?"

మోహన మంచం అంచు మీద కూర్చొని ఆ పిల్ల చేయి తన చేతిలోకి తీసుకుంది.

"రాదేమో మునిలక్ష్మీ. వస్తే అందరికంటే ముందు నీకే సెప్తా. కానీ రాదేమో."

మునిలక్ష్మి కాసేపు కిటికీ వైపు చూసింది. బయట కుప్పమ్మ ఎవరితోనో టమోటా ధర గురించి గొడవ పడుతోంది.

"అందురూ వస్తాదనే సెప్తారు అక్కా" అంది చివరికి. "నువ్వన్నా నిజం సెప్పినావు. ఇంగ టీ తాగు, సల్లారిపోతా ఉండాది."